ఓపిక గల రేడియో

వివక్ష కేసులలో ఒక సంఘటనను రుజువు చేయడం కంటె ఒక ధోరణిని రుజువు చేయడం కష్టం. ఏళ్ల తరబడి కాగితాలు తిరగవేసేవారు కావాలి. ఆ పనిని రేడియో విలేకరులు చేసిన ఉదంతమొకటి ఉంది.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో వినోనా అనే చిన్న పట్టణం. 1996లో అక్కడ ఒక ఫర్నిచర్ దుకాణంలో నలుగురు హత్యకు గురయ్యారు. కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతీయునిపై ఒకే ప్రాసిక్యూటర్ ఆరుసార్లు విచారణ నడిపించాడు. అమెరికన్ పబ్లిక్ మీడియా అనే రేడియో సంస్థ విలేకరులు ఆ ప్రాంతంలో దాదాపు ఏడాది మకాం వేశారు. ఆ ప్రాసిక్యూటర్ కార్యాలయం 26 ఏళ్లలో నడిపిన 225 విచారణల జ్యూరీ పత్రాలను పరిశీలించారు. తెల్లవారి కంటె నల్లవారిని 4.4 రెట్ల రేటుతో జ్యూరీనుంచి తొలగించినట్లు తేలింది. విడివిడిగా చూస్తే ఏ తొలగింపునకైనా ఏదో ఒక కారణం చెప్పవచ్చు. కలిపి లెక్క కట్టినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఈ పరిశోధన ‘ఇన్ ది డార్క్’ పేర 2018లో ధారావాహికగా ఇంటర్నెట్ ద్వారా వెలువడింది. 2019లో ఆ దేశపు సుప్రీంకోర్టు జ్యూరీ ఎంపికలో జాతివివక్ష ఉన్నదని శిక్షను రద్దు చేసింది. ఆ ఘనత అప్పీలు వాదించిన న్యాయవాదులది, రేడియోకు కట్టబెట్టను. కాని తాను అబద్ధపు సాక్ష్యం చెప్పానని ఒక ఖైదీ ఒప్పుకున్నది ఆ విలేకరుల వద్దనే. 2020లో కేసు ఉపసంహరణకు అది ఒక కారణమైంది. ఇంత చేసిన బృందాన్ని 2022లో ఆ సంస్థ వదులుకుంది. మరుసటి ఏడాది న్యూయార్కర్ పత్రిక చేరదీసింది.

ఇక మన విషయం. తమిళనాడు ప్రభుత్వం 2006లో తమిళ అభ్యసన చట్టం చేసి, ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతికి తమిళాన్ని నిర్బంధం చేస్తూ పోయింది. ఏడాదికొక మెట్టు చొప్పున జరిగేది దినపత్రికకు వార్తగా తోచదు. తొలి విద్యార్థులు పదవ తరగతి పరీక్షకు చేరేసరికి, 2016లో మద్రాసు హైకోర్టు మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. 2023లోనూ సుప్రీంకోర్టు ఒక ఏడాది పొడిగింపే ఇచ్చింది. ఆ పదేళ్లూ ఈ మార్పును వెన్నంటి ఉండే పరిశోధక విలేకరి ఒక్కడున్నా మనవారు ముందే మేల్కొనేవారు.

అది రేడియోయే ఎందుకు కావాలంటారా? హోసూరులో గాని, రాయగడలో గాని మన ఇళ్లలో తెలుగు నోట నిలిచింది, లిపి కంటికి దూరమైంది. ఈ పత్రికను సైతం ఒకరు చదువుతుంటే తక్కినవారు వినే కుటుంబాలు నాకు తెలుసు.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో మన సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకూ, సామాజిక రేడియోలకూ అనుమతులిచ్చిన ప్రభుత్వం సొంతంగా వార్తలు సేకరించే హక్కు ఇవ్వలేదు. ప్రైవేటు ఎఫ్.ఎం.లకు గంటకు పది నిమిషాలు వార్తలకు అనుమతించవచ్చునని 2023లో ట్రాయ్ సిఫార్సు చేసింది. పది నిమిషాలలో ముఖ్యాంశాలు చదవవచ్చు. పాఠశాల రికార్డుల గుట్టు విప్పలేము. పత్రికకూ టీవీకీ లేని పరిమితి రేడియోకు ఎందుకో నాకు బోధపడదు.

జహీరాబాద్ వద్ద మాచ్నూర్‌లో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియోను తమ పలుకుబడిలోనే నడిపి చూపారు. నడిపే శక్తి మనవారికీ ఉంది. సామాజిక రేడియోకు పరిశోధనా హక్కు కోరుతూ మన సంఘాలు కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖకు వ్రాయాలి. అంతవరకు, మీ ఊరి తెలుగు బడిలో ఎందరు పిల్లలున్నారో, ఎన్ని ఉపాధ్యాయ ఖాళీలున్నాయో ఏటా జూన్‌లో ఒక నోటు పుస్తకంలో వ్రాసి ఉంచండి.