కుట్టుమిషను ఉంది, గుడ్డ ఎక్కడ?

మీ ఇంట్లో కుట్టుమిషను ఉందా? మీ ఇంట్లో లేకపోయినా మీ వీధిలో ఎవరో ఒకరి ఇంట్లో ఉండే ఉంటుంది. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు, పంజాబీ డ్రస్సులు ఇంట్లోనే కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకునే స్త్రీలు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. వంట ముగించి, పిల్లల్ని బడికి పంపి, మిషను ముందు కూర్చుంటారు. వారి పనితనాన్ని మనం మెచ్చుకుంటాం. కాని వారికి కావలసిన గుడ్డ ఎక్కడ దొరుకుతుందో, దానికోసం వారు ఎంత తిరగవలసి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

నా అభిప్రాయం ఇది. కుట్టుపని నేర్పడం, మిషను ఇవ్వడం సగం పని మాత్రమే. కావలసిన గుడ్డను కావలసినంత మాత్రమే, సరైన కొలతతో అమ్మే దుకాణం దగ్గరలో ఉన్నప్పుడే ఆ పని పూర్తవుతుంది.

ఒక మీటరు లైనింగు కోసం

ఒక ఉదాహరణ చూద్దాం. శ్రావణమాసం వచ్చింది. ఒకావిడ సోమవారం చీర తెచ్చి, "శుక్రవారం వ్రతానికి కట్టుకోవాలి, జాకెట్టు కుట్టిపెట్టు అమ్మాయ్" అని ఇచ్చింది. ఈ రోజుల్లో చాలా చీరలకు జాకెట్టు ముక్క చీరతోపాటే వస్తోంది. అయినా అదే రంగు లైనింగు కావాలి. చీరకు ఫాల్ కావాలి. రంగు కలిసే దారం కావాలి. హుక్కులు కావాలి. ఊళ్ళో కిరాణా కొట్లో నల్లదారం, తెల్లదారం తప్ప మరొకటి ఉండదు. మండల కేంద్రంలోని బట్టల కొట్లో లైనింగు అయిదారు రంగుల్లోనే ఉంది. "ఆ రంగు లేదమ్మా, టౌనులో చూడండి" అన్నాడు కొట్టాయన.

టౌనుకు వెళ్ళి రావడానికి ఒక పూట పట్టింది. ఆ పూటలో ఆమె ఇంట్లోనే ఉంటే మరో జాకెట్టు కుట్టి ఉండేది. కుట్టుకూలి ఇచ్చేవారు దారిలో పోయిన పూటకు లెక్కకట్టి ఇవ్వరు. పైగా చీర ఆలస్యమైతే మాటపడాలి. తరువాతిసారి ఆ చీర ఆవిడ నేరుగా టౌనుకే వెళుతుంది. అక్కడే లైనింగు కొని, అక్కడే కుట్టించుకుంటుంది. ఊళ్ళో మిషను మీద గుడ్డ కప్పి ఉంటుంది.

తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయింది. దీనివల్ల టికెట్టు డబ్బు మిగిలింది. ఇది మంచిదే. అయితే బస్సు కోసం ఎదురుచూసిన సమయం మిగలదు కదా!

కొట్టువాళ్ళ కష్టం

తప్పంతా కొట్టువాళ్ళదేనా? అలా అనడం న్యాయం కాదు. ముప్పై రంగుల్లో లైనింగు తానులు పెట్టాలంటే పెట్టుబడి కావాలి. అందరూ అడిగే రంగులు వెంటనే అమ్ముడుపోతాయి. మిగిలినవి అలమరాలో దుమ్ము పట్టి ఉంటాయి. అరమీటరు, ముప్పావు మీటరు కోసి ఇస్తూ పోతే తాను చివర పనికిరాని ముక్క మిగులుతుంది. రెడీమేడ్ దుస్తుల్లో ఈ బాధ లేదు. అందుకే చాలామంది తానులు తగ్గించి రెడీమేడ్ దుస్తులు పెంచుకుంటున్నారు. వ్యాపారం చేసేవారు నష్టానికి అమ్మలేరు. ఈ సంగతి మనం ఒప్పుకోవాలి.

"ఫోనులో చూసి తెప్పించుకుంటే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. కొన్నింటికి సరిపోతుంది. హుక్కులు, జిప్పులు, కత్తెరలు అలా తెప్పించుకోవచ్చు. కాని రంగు కలపడం ఫోనులో కుదరదు. ఒకే మెరూన్ రంగు ఫోనులో ఒకలా, ట్యూబులైటు కింద ఒకలా, ఎండలో మరొకలా కనిపిస్తుంది. చీర కొంగు చేత్తో పట్టుకుని, గుడ్డను దాని పక్కన పెట్టి, వాకిట్లోకి వచ్చి వెలుతురులో చూస్తేనే తెలుస్తుంది. గుడ్డ మందమా, పలచనా, రంగు వదులుతుందా అన్నది వేళ్ళతో తాకి, కొంచెం తడిపి చూస్తేనే తెలుస్తుంది. దగ్గరి కొట్టుకు సాటి మరొకటి లేదని నేను అనేది ఇందుకే.

కొలత తెలిస్తే మోసపోరు

దగ్గరలో కొట్టు ఉంటే చాలదు, కొలత కూడా సరిగా ఉండాలి. కొన్నిచోట్ల ఇప్పటికీ మాటల్లో గజం, మీటరు కలిసిపోతుంటాయి. రెండూ ఒకటి కావు. మీటరుకు 100 సెంటీమీటర్లు. గజానికి 91.44 సెంటీమీటర్లే. మీటరు ధర తీసుకుని గజం కొలిచి ఇస్తే ప్రతి మీటరుకు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు పోతాయి. పది మీటర్లకు 85 సెంటీమీటర్లు పోతాయి. అంటే ఒక జాకెట్టు గుడ్డ పోయినట్లే!

మన దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం అమల్లో ఉంది. దుకాణంలో మీటరు కడ్డీ మీద తూనికలు, కొలతల శాఖ వారి ముద్ర ఉండాలి. ఆ ముద్ర చూపమని అడగడం మీ హక్కు. అడిగినందుకు ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

పన్నా కూడా చూసుకోండి. గుడ్డ 36 అంగుళాల పన్నాలో, 44 అంగుళాల పన్నాలో, ఇంకా పెద్ద పన్నాలో వస్తుంది. మీటరు ధర తక్కువగా ఉందని చిన్న పన్నా గుడ్డ తీసుకుంటే ఎక్కువ మీటర్లు కొనవలసి రావచ్చు. ధర ఒక్కటే అడగకండి. "పన్నా ఎంత?" అని కూడా అడగండి.

కలిసి కొంటే దారి దొరుకుతుంది

ఇక మనం చేయగల పని ఏమిటి? ఒక్కరు వెళ్ళి ఒక మీటరు అడిగితే కొట్టువారికి అది చిన్న బేరం. ఊళ్ళో కుట్టేవారు పదిమంది కలిసి "మాకు నెలకు ఈ రంగుల్లో ఇంత లైనింగు, ఇన్ని ఫాల్స్, ఇన్ని దారం రీళ్ళు కావాలి" అని జాబితా రాసి ఇస్తే అది పెద్ద బేరం. అమ్ముడుపోతుందన్న నమ్మకం ఉంటే ఆయనే సరుకు తెప్పిస్తాడు. తాను చివర మిగిలే ముక్కల్ని తక్కువ ధరకు మనమే తీసుకోవచ్చు. వాటితో సంచులు, దిండు గలీబులు, బొంతలు కుట్టవచ్చు. ఇద్దరికీ లాభమే.

దగ్గరి కొట్టువారు ఒప్పుకోకపోతే మరో మార్గం ఉంది. విజయవాడ వస్త్రలత, సికింద్రాబాద్ జనరల్ బజారు వంటి పెద్ద బట్టల మార్కెట్లు మనకు ఉన్నాయి. అందరి తరఫున ఒకరు వెళ్ళి తానులు తెచ్చి, ఒకరింట్లో ఉంచి, ఖర్చు లెక్కరాసి పంచుకోవచ్చు. పొదుపు సంఘం నడిపినవారికి ఈ లెక్క కష్టం కాదు. మంగళగిరి, చీరాల, పోచంపల్లి వంటి నేతకేంద్రాలకు దగ్గరలో ఉన్నవారు నేతవారి సహకార సంఘాలను కూడా అడిగి చూడాలి. మగ్గం పక్క ఊళ్ళోనే ఉన్నా గుడ్డ దూరపు పట్నం నుంచి తెచ్చుకోవడం విచిత్రమే కదా!

ప్రభుత్వం చేయవలసినది కూడా ఉంది. తెలంగాణలో 2024లో ప్రభుత్వ పాఠశాలల యూనిఫాంలు కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల స్త్రీలకు అప్పగించారు. గుడ్డను ప్రభుత్వమే సమకూర్చింది. గుడ్డ చేతికి వస్తే పని ఎలా నడుస్తుందో దీనివల్ల అర్థమవుతుంది. శిక్షణ ఇచ్చి, మిషను పంచి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయే పథకాలకు నేను వ్యతిరేకిని కాను. కాని ఆ మిషనుకు రేపు గుడ్డ ఎక్కడినుంచి వస్తుందని కూడా వారు అడగాలి. వారు అడగకపోతే మనమే అడగాలి.

మీరు చదువు మధ్యలో ఆపి, ఇప్పుడు ఈ పాఠాలతో మళ్ళీ మొదలుపెట్టారు. పుస్తకం అందుబాటులోకి వస్తే చదువు ముందుకు సాగుతుందని మీకు అనుభవంలో తెలుసు. కుట్టుపని కూడా అంతే. చేతిలో నేర్పు ఉన్న మనిషిని ఒక మీటరు గుడ్డ కోసం బస్టాండులో కూర్చోబెట్టకూడదు.

ఆలోచించండి

1. మీ ఊరికి దగ్గరలో మీటరు లెక్కన గుడ్డ అమ్మే దుకాణం ఎంత దూరంలో ఉంది? అక్కడ ఏమేమి దొరకవు?

2. ఈసారి గుడ్డ కొన్నప్పుడు మీటరు కడ్డీ మీద ముద్ర చూడండి. ఇంటికి వచ్చి టేపుతో కొలవండి. తేడా ఉంటే రాసుకోండి.

3. మీ వీధిలో కుట్టేవారందరికీ ఒక నెలకు కావలసిన సరుకుల జాబితా తయారుచేయండి. దానిని ఎవరికి ఇస్తే పని జరుగుతుందో చర్చించండి.