పేరు మాత్రం పాతదే

మన ఇళ్లల్లో ఏ వస్తువుకైనా రెండు గ్యారంటీలు ఉంటాయి. ఒకటి అట్టపెట్టెలో వచ్చే కార్డు. షాపువాడు దాని మీద స్టాంపు కొట్టి ఇస్తాడు, మనం భద్రంగా ఎక్కడో దాచి అవసరం వచ్చినప్పుడు దొరక్కుండా చేసుకుంటాం. రెండోది ఇంట్లో పెద్దవాళ్లు నోటితో ఇచ్చేది: "ఆ కంపెనీ అయితే కళ్లు మూసుకుని కొనెయ్యొచ్చు." మొదటిది ఒక ఏడాది. రెండోది తరాలపాటు నడుస్తుంది. నన్నడిగితే ఇప్పుడు కాలం చెల్లింది ఆ రెండో గ్యారంటీకే. అయినా మనం ఇంకా దాన్ని చూసే డబ్బులు కడుతున్నాం.

ముందు నా కడుపుమంట చెప్పేస్తాను, తర్వాత న్యాయాన్యాయాలు మాట్లాడుకుందాం.

మా నాన్న 1998లో క్యాసెట్టు, రేడియో, సీడీ మూడూ ఉన్న ఒక మ్యూజిక్ సిస్టమ్ కొన్నారు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదు ఒక్క కంపెనీతో తీరేది కాదు. అప్పట్లో అది ఆయనకి రెండు నెలల జీతం. ఇప్పుడు దాని సీడీ ట్రే తెరిస్తే మూసుకోదు, క్యాసెట్టు పెడితే రాగం సాగుతుంది. రేడియో మాత్రం ఇప్పటికీ గణగణమంటుంది. ఆ నమ్మకంతోనే 2022 దసరా ఆఫర్లలో అదే కంపెనీ సౌండ్‌బార్, దానితోపాటు సబ్‌వూఫర్ 22 వేలు పెట్టి తెచ్చారు. నేను నాలుగు రివ్యూలు చూపిస్తానంటే, "మన ఇంట్లో పాతికేళ్లుగా ఉన్న రివ్యూ చాల్లే" అన్నారు.

అసలు అది కొన్నది మా నాయనమ్మ కోసం. ఆవిడకి చూపు బాగా తగ్గింది. టీవీ అంటే ఆవిడకి ఒక మసక వెలుతురు, అంతే. పొద్దున్న భక్తి పాటలు, మధ్యాహ్నం వార్తలు, రాత్రి ప్రవచనం, ఇలా ఆవిడ రోజు మొత్తం చెవుల మీదే నడుస్తుంది. టీవీ స్పీకర్లో మాటలు స్పష్టంగా వినిపించడం లేదనేది. కొత్త సౌండ్‌బార్‌లో మాట బాగా తెలిసింది. పైగా దాని నెత్తి మీద ఒక బటన్ ఉండేది. చేత్తో తడిమి నొక్కితే చాలు, మనం సేవ్ చేసి పెట్టిన ఇంటర్నెట్ రేడియో మొదలయ్యేది. మొదటి ఆరు నెలలూ ఆవిడ ఎవర్నీ పిలవలేదు.

తర్వాత ఒకరోజు అప్‌డేట్ వచ్చింది. మేం అడగలేదు, రాత్రి దానంతట అదే ఎక్కింది. పొద్దున్నుంచి ఆ బటన్ నొక్కితే ఇంగ్లీషులో ఒక గొంతు, యాప్‌లోకి వెళ్లి లాగిన్ అవ్వమంటుంది. అప్పట్నుంచి నాయనమ్మ పాట వినాలంటే ఇంట్లో ఎవరో ఒకరు ఫోను పట్టుకుని రావాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "మీ నెట్‌వర్క్ ప్రాబ్లమ్ మేడమ్, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. ఆఫ్ చేసి ఆన్ చేశాం. రెండుసార్లు రీసెట్ కూడా చేశాం. మా నెట్‌వర్క్‌లో అన్నీ పనిచేస్తున్నాయి, ఇదొక్కటి తప్ప.

2024 మే నెలలో సౌండ్‌బార్ పూర్తిగా ఆగిపోయింది. వారంటీ అయిపోయి అప్పటికి ఏడు నెలలు. సర్వీస్ సెంటర్‌లో బోర్డు మార్చాలి, 9,800 అవుతుంది అన్నారు. సరేనన్నాక మూడు వారాలు ఆగమన్నారు. మూడు వారాల తర్వాత, "ఈ మోడల్ ఆపేశారు సార్, బోర్డు రాదు, కొత్తది తీసుకుంటే డిస్కౌంట్ ఇస్తాం" అన్నారు.

నాన్న దాన్ని పాత సిస్టమ్ బాగుచేసే మెకానిక్ బాబాయి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన విప్పి పది నిమిషాలు చూసి, పవర్ సప్లై బోర్డు మీద పైభాగం ఉబ్బిపోయిన రెండు కెపాసిటర్లు చూపించాడు. మార్చాడు. 350 రూపాయలు. లైటు వెలిగింది. మా అందరి మొహాలు కూడా వెలిగాయి, అరగంట సేపు. ఇంటికి తెచ్చి యాప్‌లో కలపబోతే, ఈ మోడల్‌కి ఇకపై సపోర్ట్ లేదని వచ్చింది. టీవీ వైరు పెడితే శబ్దం వస్తుంది. నాయనమ్మ బటన్ మాత్రం రాదు. మళ్లీ అడిగితే బాబాయి ఒకే మాట అన్నాడు: "మాస్టారూ, నా చేతిలో పని అయిపోయింది. మిగతాది వాళ్ల పర్మిషన్."

ఆ మాట నన్ను బాగా గుచ్చింది. ఎందుకంటే బాబాయి బాగుచేయగలిగింది ఈసీఈ వాళ్ల పని. బాగుచేయలేకపోయింది మన బ్రాంచ్ వాళ్ల పని.

ఇప్పుడు కొంచెం నిదానంగా ఆలోచిద్దాం. పేరు ఒక్కటే అయినప్పుడు రెండు వస్తువులకీ ఇంత తేడా ఎందుకు?

మొదటి కారణం, పేరు వేరు, కంపెనీ వేరు కావడం. చాలామందికి ఇది తెలియదు. పేరుని ఇల్లు అద్దెకిచ్చినట్టు అద్దెకివ్వొచ్చు. ఫిలిప్స్‌నే చూడండి. 1963లో క్యాసెట్టుని లోకానికి చూపించింది వాళ్లే, సోనీతో కలిసి సీడీ తెచ్చిందీ వాళ్లే. అలాంటిది 2010లో మన దేశంలో తమ పేరుతో టీవీలు చేసి అమ్మే హక్కు వీడియోకాన్‌కి ఇచ్చారు. 2014లో ఆడియో, వీడియో వ్యాపారాన్ని గిటార్లు చేసే గిబ్సన్‌కి అమ్మేశారు. 2018లో గిబ్సన్ దివాలా రక్షణ కోరింది. ఇన్ని చేతులు మారినా అట్టపెట్టె మీద పేరు అదే. 1970ల్లో తన యాంప్లిఫయర్లతో పేరు తెచ్చుకున్న జపాన్ సన్సుయ్ కథా అంతే. అసలు కంపెనీ మూతపడినా పేరు మాత్రం టీవీల మీద తిరుగుతూనే ఉంది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. అద్దెకు తీసుకున్నవాళ్లు మంచి వస్తువు చేయకూడదనీ లేదు. కానీ నాన్నలు నమ్మింది ఆ అక్షరాల్ని కాదు కదా, వాటి వెనక ఉన్న ఇంజనీర్లని. ఆ ఇంజనీర్లు ఎప్పుడో వెళ్లిపోయారు, అక్షరాలు మిగిలాయి.

రెండో కారణం, పైసల దగ్గర పొదుపు. బాబాయి మార్చిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల ద్రవం ఉంటుంది. వేడికి అది మెల్లమెల్లగా ఆరిపోతుంది. ఇంజనీర్లు వాడే స్థూలమైన లెక్క ఏంటంటే, వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు సగమవుతుంది. 85 డిగ్రీల రకం, 105 డిగ్రీల రకం అని మార్కెట్లో రెండూ దొరుకుతాయి. గంటల రేటింగ్ ఒకటే అయితే, అదే లెక్క ప్రకారం రెండోది సుమారు నాలుగు రెట్లు ఎక్కువ కాలం బతకాలి. ధరలో తేడా మాత్రం ఒక టీ డబ్బులు కూడా ఉండదు. విజయవాడ మే నెల ఎండలో, గోడకి ఆనించిన సన్నటి ప్లాస్టిక్ డబ్బాలో, గాలి ఆడే దారి లేకుండా ఆ పార్టు ఉడుకుతుంటే ఎన్నాళ్లు ఉంటుంది? సన్నగా ఉంటే అందంగా ఉంటుంది, నిజమే. అందానికి కరెంటు అక్కర్లేదు, పాటకి కావాలి.

మూడో కారణం, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, సాఫ్ట్‌వేర్. మనం కొన్నది ఒక డబ్బా అనుకుంటాం. నిజానికి డబ్బా సగమే, మిగతా సగం ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. దాని తాళం మన దగ్గర ఉండదు. ఇది మా ఇంటి సమస్య మాత్రమే అనుకుంటే, సోనోస్ అనే అమెరికన్ కంపెనీ సంగతి చూడండి. ఇంట్లో పాటల స్పీకర్లకి అక్కడ దానికి చాలా మంచి పేరు. 2024 మే నెలలో పాత యాప్ తీసేసి కొత్తది ఇచ్చారు. స్లీప్ టైమర్ లాంటి మామూలు సౌకర్యాలు కూడా అందులో లేవు. స్క్రీన్ రీడర్‌తో వాడుకునే చూపులేనివాళ్లు, నిన్నటిదాకా వాడుకున్న స్పీకర్లని వాడలేకపోతున్నామని మొత్తుకున్నారు. జులైలో సీఈఓ పాట్రిక్ స్పెన్స్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. పాత యాప్ తిరిగి ఇచ్చేయండి అంటే, అది ఇక కుదరదని ఆగస్టులో తేల్చేశారు. ఎందుకంటే మార్పు ఫోనులో మాత్రమే కాదు, స్పీకర్ల లోపలా, క్లౌడ్‌లోనూ జరిగిపోయింది. 2025 జనవరిలో ఆయన పదవి వదిలేశాడు. ఏ స్పీకర్ కోన్ చిరగలేదు, ఏ వైరూ తెగలేదు. ఒక్క రిలీజ్‌తో ఏళ్ల నమ్మకం పోయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మా నాయనమ్మే గుర్తొచ్చింది. ఆవిడకి ట్విట్టర్ అకౌంట్ లేదు కాబట్టి ఎవరూ క్షమాపణ చెప్పలేదు, అంతే తేడా.

ఇక్కడ మీలో కొందరు ఒక ప్రశ్న వేస్తారు, అది న్యాయమైన ప్రశ్నే. పాతవన్నీ గట్టివి, కొత్తవన్నీ నాసిరకం అనడం తప్పు కాదా? తప్పే. 1998లో కొన్నవాటిలో పాడైపోయినవి ఎప్పుడో పాతసామాన్లవాడి బండెక్కాయి. మిగిలినవే మన కళ్ల ముందున్నాయి. మిగిలినవాటిని మాత్రమే లెక్కేసి "ఆ రోజుల్లో..." అనడం స్టాటిస్టిక్స్ క్లాసులో మార్కులు పోగొట్టుకునే పని. పైగా ధర చూడండి. అప్పుడు రెండు నెలల జీతం పోసి కొన్నారు, ఇప్పుడు నాన్న జీతంలో మూడో వంతు కూడా పెట్టలేదు. తక్కువ ధరకి తక్కువ ఆయుష్షు వస్తే మరీ అంత అన్యాయమేమీ కాదు.

కానీ నా గొడవ పాడవడం గురించి కాదు. పాత సిస్టమ్ కూడా బోలెడుసార్లు పాడైంది. బెల్టు సాగింది, హెడ్డు అరిగింది, వాల్యూమ్ నాబ్ బరబరమంది. ప్రతిసారీ బాబాయి దగ్గరికి వెళ్లింది, తిరిగొచ్చింది. అప్పట్లో చాలా వస్తువుల మాన్యువల్‌లోనే సర్క్యూట్ డయాగ్రం ఇచ్చేవారట. అంటే కంపెనీయే, "ఇది ఏదో ఒకరోజు పాడవుతుంది, అప్పుడు ఇలా చూసుకోండి" అని ముందే ఒప్పుకున్నట్టు. నా లెక్కలో నమ్మకం అంటే అదే. పాడవదని చెప్పడం కాదు, పాడైనప్పుడు దారి మూసేయకపోవడం. ఇప్పటి వస్తువుతో తేడా సరిగ్గా అక్కడే వచ్చింది.

అందుకని నేను అడిగేవి నాలుగే. ఒకటి, ఇంటర్నెట్ లేకపోయినా, యాప్ లేకపోయినా వస్తువు మీద ఉన్న బటన్లు వాటి పని చేయాలి. రెండు, అప్‌డేట్ నచ్చకపోతే పాతదానికి తిరిగి వెళ్లే వీలుండాలి. మూడు, ఎన్నేళ్లు సపోర్ట్ ఇస్తారో, పార్టులు ఎన్నేళ్లు దొరుకుతాయో కొనేముందే అట్టపెట్టె మీద తారీఖుతో సహా వేయాలి. మందు సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ వేస్తారు కదా, అలాగే. నాలుగు, సర్వీస్ ఆపేసే రోజు వస్తే, ఆపేముందు ఆ తాళం తీసి వెళ్లాలి. బాబాయి లాంటివాళ్లో, మనలాంటి స్టూడెంట్లో దాన్ని బతికించుకుంటారు.

ఇవి గొంతెమ్మ కోరికలేం కాదు. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ కూడా తెరిచింది. కంపెనీలు మాన్యువల్స్, పార్టుల వివరాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. మీ ఇంట్లో ఇలాంటిదే జరిగితే ఊరికే తిట్టుకుని ఊరుకోకండి. బిల్లు ఫొటో తీసి పెట్టుకోండి, సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది మెయిల్‌లో రాసివ్వమనండి, 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. కొనేటప్పుడు పేరు కాదు, అట్టపెట్టె కింద చిన్న అక్షరాల్లో ఉండే "తయారుచేసినవారు" అనే లైను చదవండి.

ఇక మన సీఎస్ఈ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఇంకో మూడేళ్లలో మనలో చాలామంది ఏదో ఒక కంపెనీలో కూర్చుని ఇలాంటి అప్‌డేట్లే రాస్తుంటాం. ఒకరోజు స్ప్రింట్ మీటింగ్‌లో ఎవరో, "ఈ పాత మోడల్ వాడేవాళ్లు రెండు శాతమే, సపోర్ట్ తీసేద్దాం" అంటారు. స్లైడ్ మీద రెండు శాతం చాలా చిన్న గీతలా కనిపిస్తుంది. ఆ గీతలో ఎవరుంటారో ఒక్కసారి అడగండి. ఎక్కువగా కొత్తది కొనలేనివాళ్లు, కొత్తది నేర్చుకోలేనివాళ్లే ఉంటారు. తీసేయక తప్పదంటే తీసేద్దాం, కానీ వాళ్ల చేతికి అందే ఆ ఒక్క బటన్ పనిచేసేలా వదిలేసి తీసేద్దాం. దానికి పట్టేది మహా అయితే రెండు రోజుల కోడింగ్. ఆ రెండు రోజులు అడగడానికి మీటింగ్‌లో ఒక్కళ్లు చెయ్యెత్తినా చాలు.