అణు ప్లాంట్లకు ఆడిటర్ ఎవరు?

బీకాంలో ఆడిటింగ్ పేపర్ రాసిన ఎవరికైనా ఒక సంగతి గుర్తుంటుంది: లెక్కలు రాసేవాడి కిందే లెక్కలు చూసేవాడు పనిచేయకూడదు. మన అణు విద్యుత్ కేంద్రాల విషయంలో దశాబ్దాలు ఈ పాఠాన్ని పక్కన పెట్టేశారు.

1983లో కేంద్రం ఒక ఉత్తర్వుతో అణుశక్తి నియంత్రణ మండలిని పెట్టింది. అందరూ ఏఈఆర్‌బీ అంటారు. అది జవాబు చెప్పుకోవాల్సింది అణుశక్తి కమిషన్‌కి. ఆ కమిషన్ చైర్మనే అణుశక్తి శాఖకు కార్యదర్శి. ప్లాంట్లు నడిపే ఎన్‌పీసీఐఎల్ కూడా అదే శాఖ కింద ఉంది. ఇక తప్పు దొరికితే గట్టిగా ఎవరు చెప్తారు?

2012లో కాగ్ నివేదిక ఈ లోపాన్నే ఎత్తి చూపింది. దేశంలో మెడికల్ ఎక్స్‌రే యూనిట్లు 91 శాతం ఏఈఆర్‌బీ రిజిస్ట్రేషన్ లేకుండానే నడుస్తున్నాయని కూడా రాసింది. రియాక్టర్ దాకా ఎందుకు, గల్లీ చివర ఎక్స్‌రే సెంటర్‌నే చూడలేకపోయారన్నమాట! స్వతంత్ర సంస్థ కోసం 2011లో తెచ్చిన బిల్లు 2014లో లోక్‌సభతో పాటే ల్యాప్స్ అయిపోయింది.

2025 డిసెంబర్‌లో పార్లమెంట్ పాస్ చేసిన శాంతి బిల్లుతో ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా దక్కింది. మంచిదే. కానీ అదే బిల్లు ప్రైవేటు కంపెనీలకీ తలుపు తీసింది, కాబట్టి తనిఖీ భారం పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు అమెరికన్ రియాక్టర్లు పెడతామని ఏళ్లుగా చెప్తున్నారు. అవి వస్తే, తనిఖీ రిపోర్టు అక్కడి మత్స్యకారులకు తెలుగులో చేతికిస్తారా? ప్రజాభిప్రాయ సేకరణలో ముందుగా అడగాల్సింది ఇదే.