శ్మశానం పుంతని కోసిందెవరు?

కోతలయ్యాక నాలుగు రోజులు తీరిక దొరికితే భీమిలి వెళ్లొచ్చాను. సముద్రం చూద్దామని వెళ్లినోణ్ణి, డచ్చివాళ్ల సమాధుల్లో పూటంతా గడిపేశాను. ఒక కుర్రాడు పదిమందిని వెంటేసుకుని, ఒక్కో సమాధి దగ్గరా ఆగి చెబుతుంటే నేనూ వాళ్లలో కలిశాను. మా ఆవిడ మాత్రం గేటు దాటి రాలేదు, ఇంటికెళ్లి తలస్నానం చేయాలంది.

డచ్చివాళ్లు మనకి పరాయోళ్లేం కాదండోయ్. 1602లో పుట్టిన వాళ్ల ఈస్టిండియా కంపెనీకి బందరు, పాలకొల్లు, భీమిలిలో లాగే 17వ శతాబ్దంలో మన ద్రాక్షారామంలోనూ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే మిల్లు కాదు, గుడ్డ కొని నిలవ పెట్టే గిడ్డంగి. మన సాలీలు నేసిన గుడ్డ ఓడెక్కి జావా వైపు దీవులకి పోయేది. అక్కడ గుడ్డ ఇచ్చి మిరియాలు, లవంగాలు తీసుకునేవారు. అలా వచ్చినవాళ్లలో కొందరు తిరిగెళ్లలేదు, ఈ నేలలోనే ఉండిపోయారు.

వాళ్ల పద్ధతి వేరు. రాతిపలక మీద పేరు, ఉద్యోగం, ఇంటి చిహ్నం చెక్కిస్తారు. బతికిన కాలం ఏళ్లు, నెలలు, రోజులతో సహా లెక్కేస్తారు. కాలం అయిపోయిందని గుర్తుగా పుర్రె బొమ్మో, ఇసుక గడియారమో పెడతారు. పులికాట్‌లో అయితే శ్మశానం గుమ్మానికి అటూ ఇటూ అస్థిపంజరాల బొమ్మలే నిలబెట్టారు. రోజులతో సహా లెక్కంటే నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. మా తాత పుట్టిన ఏడు కూడా మాకు తెలీదు.

1825లో డచ్చివాళ్ల స్థావరాలు ఇంగ్లీషువాళ్ల పరమయ్యాయి. ఆ సమాధుల మీద పువ్వు పెట్టే మనవలెవరూ లేరు. అయినా ఆ నేల మిగిలింది. బందరు, పులికాట్‌లలోని డచ్చి సమాధులకైతే కేంద్ర పురావస్తు శాఖే కాపలా.

మరి మనోళ్ల సంగతి? మన ఊళ్లలో పూడ్చిపెట్టే కుటుంబాల్లో చాలామందికి సెంటు భూమి ఉండదు. వాళ్ల శ్మశానాన్ని ఆనుకుని చేలున్నది మనకి. ఏటా గట్టు చెక్కేటప్పుడు పార ఎటు తిరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. సార్వాలో పాడె మోసేవాళ్లు పుంత లేక మోకాలి లోతు బురదలో ఊడ్చిన చేల మీంచి పోతారు. చేను తొక్కేశారని మళ్లీ మనమే కేకలేస్తాం. మూడోనాడు పాలు పోయడానికొస్తే గుంత ఆనవాలే దొరకదు.

‘బతికున్నోళ్లకే నేల చాలట్లేదు, చచ్చినోళ్లకెందుకురా’ అంటాడు మా బావ. మరి ఆయన తోటలో వాళ్ల నాన్న సమాధికి ఏటా సున్నం ఎందుకు వేయిస్తున్నాడో! సొంత చేనున్నోడికి ఆ మాట తేలికే.

నేనేం పత్తిత్తుని కాదు. మా గట్టు కూడా మా నాన్న హయాంలోనే జరిగింది. మొన్న టేపు పట్టి చూస్తే పుంత వెంబడి రెండు మూరలు మాలో కలిసుంది. దాళ్వా నారు పోయకముందే సర్వేయరుని పిలిచి, పాత రాయి దగ్గరికి గట్టు వెనక్కి వేస్తున్నాను. పుంత పక్కన చేలున్నవాళ్లు ఆ రోజు టేపు దగ్గరికి రండి. తేదీ కుదరగానే ఇక్కడే రాస్తాను. మా బావకి కూడా చెప్పండి, నేను చెబితే వినడు.