ఓటీపీ ఎవరి చేతిలో?

యాడికిలో సంఘం సమావేశం అయ్యాక ఒక చెల్లెలు నన్ను పక్కకు పిలిచింది. తెల్లబట్ట అవుతోందని ఆసుపత్రికి వెళ్తే ఆరోగ్య ఖాతా నంబరు అడిగారట. దానికోసం ఆధార్ ఇస్తే ఓటీపీ మొగుడి ఫోనుకు పోయింది. వానల్లేక అతను బెంగుళూరుకు బేల్దారి పనికి వెళ్ళాడు. "ఆయప్పకు ఫోన్ చేసి ఏమని సెప్పేది అక్కా? సూపిచ్చుకోకుండానే వచ్చేసినా" అంది.

ఈమెకు డిజిటల్ ఆరోగ్య అక్షరాస్యత లేదంటారు పెద్దలు. ఒక శిక్షణ పెడతారు, బ్యానర్ కడతారు, సంతకాలు తీసుకుంటారు. మన స్వచ్ఛంద సంస్థలూ అదే చేస్తున్నాయి. ఏ మీట నొక్కాలో నేర్పినంత మాత్రాన ఆమె చేతికి ఫోను వస్తుందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు మగవాళ్ళలో నూటికి 49 మంది, ఆడవాళ్ళలో 21 మంది. ఇది తెలివిలో తేడా కాదు. ఫోను ఎవరిది, రీఛార్జి డబ్బు ఎవరిది, తీరిక ఎవరిది అన్న తేడా!

కరోనా కాలంలోనే ఇది చూశాం. 2021 మే నెలలో 18-44 ఏళ్ళవారు టీకాకు ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలన్నారు. ఫోను లేని పల్లె జనం ఏంకావాలని ఆ నెలాఖరుకు సుప్రీంకోర్టే నిలదీసింది.

2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన 14 అంకెల ఆరోగ్య ఖాతా తప్పనిసరి కాదని, ఇష్టమైతేనే తీసుకోవచ్చని ప్రభుత్వమే చెప్పింది. ఆ ఒక్క మాట ఈ చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. మన పాఠం అక్కడ మొదలవ్వాలి.

నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం గుర్తుందా? సీతమ్మ కథ చదివిన స్త్రీలు అక్షరాలతో ఆగలేదు, సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. అక్షరం ప్రశ్నగా మారినప్పుడే అది అక్షరాస్యత.

అందుకే మనం అడగాలి. ఫోను లేదని, నంబరు లేదని ఏ స్త్రీకీ వైద్యం ఆపకూడదు. పరీక్షల ఫలితం తెలుగులో, కాగితం మీద, ఆమె చేతికే ఇవ్వాలి. ఆమె జబ్బు కబురు ఆమె అనుమతి లేకుండా ఇంకొకరి ఫోనుకు పోకూడదు. నేర్చుకోవాలనుకునేవారికి ఊళ్ళోనే, పనులు ముగిశాక, ఆశా కార్యకర్తకు అదనపు కూలి ఇచ్చి నేర్పించాలి.

ఒళ్ళు ఆమెది, నొప్పి ఆమెది. దాని తాళంచెవి మాత్రం బెంగుళూరులో ఎందుకుండాలి?