అక్షరం ఎవరి పక్షాన?

సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డు ముందు కొంతసేపు నిలబడితే చాలు, అక్షరానికి చోటు ఎలా ఏర్పడుతుందో తెలుస్తుంది. ‘హారన్ కొట్టు’ అన్నది వెనక వచ్చే డ్రైవరు కోసం, నుదుటి మీది పేరు ఎదురు వచ్చేవాడి కోసం. చదివేవాడెవడో తెలిశాకనే పెయింటరు కుంచె పడతాడు.

మామూలు సినిమాకు తెర ఒకటే. సబ్‌టైటిల్ అడుగున పడుతుంది. కళ్ళకు తొడుగు తగిలించుకుని 360 డిగ్రీలూ చూసే వర్చువల్ రియాలిటీ చిత్రంలో ‘అడుగు’ ఎక్కడ? 2017లో బి.బి.సి. పరిశోధకులు నాలుగు పద్ధతులను పోల్చి చూశారు. ప్రేక్షకులు ఎక్కువగా మెచ్చినది, తల ఎటు తిప్పితే అటు కళ్ళముందే వేలాడే పద్ధతి. ఇంకేం, సమస్య తీరిందన్నారు కొందరు మిత్రులు.

తీరలేదు. అడిగింది చూసేవాడిని, మాట్లాడేవాడిని కాదు.

సాలూరు కొండల్లో ఒక కువి రైతు తన పోడు భూమికి 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఎందుకు రాలేదో చెబుతున్నాడనుకోండి. మన ప్రేక్షకుడు కొండల అందానికి మురిసి అటు తిరుగుతాడు. రైతు గోడు తెలుగు అక్షరాలై ఆయన వెంటే వెళ్ళి, పచ్చని కొండ కింద వ్యాఖ్యలా నిలుస్తుంది. ఆ మొహం చూడవలసిన అవసరమే రాదు! అక్షరాలు రైతు గుండెల దగ్గరే ఉండాలంటాను నేను. అర్థం కావాలంటే అటు తిరగాలి.

వెనక ఎవరో మాట్లాడుతున్నారని వినపడని ప్రేక్షకుడికి ఎలా తెలుస్తుంది? ఇది న్యాయమైన ప్రశ్న. వారికి దారి చూపే బాణం గుర్తు ఉండాలి. కావాలంటే కళ్ళముందు నిలిచే అక్షరాలూ ఎంచుకోనివ్వాలి. అంతేగాని, చెవిటివారి పేరు చెప్పి చెవులున్నవాడి సోమరితనాన్ని సమర్థించకండి.

మరొకటి. కువికి అక్షరాలు లేవనకండి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెట్టినప్పుడు కువి వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. చదువు రాని పెద్దలకు ఏ మూలన రాసినా ఒకటే, వారికి గొంతుతో చెప్పించాలి. కాని వాచకాలు చదివిన పిల్లలున్నారు కదా! అదే చిత్రంలో అధికారి తెలుగులో నియమాలు వల్లిస్తాడు. ఆయన గుండెల దగ్గర కువి అక్షరాలు ఏవీ?