శవపేటిక వెంట వచ్చే సర్టిఫికెట్.. దాని వెనకున్న ఉద్యోగం

దుబాయ్‌లోనో కువైట్‌లోనో చనిపోయిన కార్మికుడి మృతదేహం శంషాబాద్ చేరాలంటే వెంట ఒక కాగితాల కట్ట రావాలి. డెత్ సర్టిఫికెట్, మన కాన్సులేట్ ఇచ్చే ఎన్‌వోసీ, రద్దు చేసిన పాస్‌పోర్టు, అక్కడి పోలీసుల క్లియరెన్స్, వీటితో పాటు ఎంబామింగ్ సర్టిఫికెట్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో, అటు కోనసీమ, కడప ఊళ్లలో ఆ చివరి మాట బడికి వెళ్లనివాళ్లకి కూడా తెలుసు. ‘ఎంబామింగ్ అయ్యిందంట, రేపటి ఫ్లైట్‌కి పంపుతారంట’ అని చెప్పుకుంటారు. మిగతా జనంలో చాలామంది ఆ పదాన్ని 2018 ఫిబ్రవరిలో విన్నారు. నటి శ్రీదేవి దుబాయ్‌లో చనిపోయినప్పుడు, పోలీసుల విచారణ ముగిశాక ముహైస్నాలోని కేంద్రంలో ఎంబామింగ్ చేసి, ఆ తర్వాతే ముంబై పంపారు.

ఈ పని ఎవరు చేస్తారు, దానికి ఏం చదవాలి, మనకి ఇందులో ఉద్యోగం ఉందా? బీజెడ్సీ, ఎంఎల్‌టీ, ఫోరెన్సిక్ సైన్స్ చదివేవాళ్లు అడగాల్సిన ప్రశ్నే. ముందు అసలు ఏం జరుగుతుందో చూద్దాం.

మనిషి చనిపోగానే కణాల్లోని ఎంజైములు ఆ కణాలనే తినడం మొదలుపెడతాయి. పేగుల్లోని బ్యాక్టీరియా మిగతా శరీరానికి పాకుతుంది. ఎంబామింగ్ ఈ రెండింటినీ కొంతకాలం ఆపుతుంది. అందులో ప్రధానమైన రసాయనం ఫార్మాల్డిహైడ్. అది ప్రొటీన్ అణువుల మధ్య అడ్డంగా బంధాలు వేసి వాటిని గట్టిపరుస్తుంది. దాంతో బ్యాక్టీరియాకి తిండి దొరకదు. ల్యాబ్‌లో మీరు చూసే ఫార్మలిన్ ఇదే, నీళ్లలో దాదాపు 37 శాతం ఫార్మాల్డిహైడ్. దానికి మిథనాల్, చర్మం ఎండిపోకుండా గ్లిజరిన్, ఫంగస్ రాకుండా ఫినాల్, ముఖం పాలిపోకుండా కాస్త రంగు కలుపుతారు.

ద్రావణాన్ని మెడ దగ్గరి కెరోటిడ్ ధమనిలోకో, తొడ దగ్గరి ఫిమొరల్ ధమనిలోకో పంపు పెట్టి ఎక్కిస్తారు. పక్కనున్న సిర నుంచి రక్తం బయటికి వస్తుంది. ఇంజినీరింగ్ వాళ్లకి ఇది ఫ్లూయిడ్ మెకానిక్సే: గుండె చేసే పనిని పంపు చేస్తోంది. ప్రెజర్ ఎక్కువైతే ముఖం ఉబ్బిపోతుంది. తక్కువైతే వేళ్ల చివర్లకి మందు చేరదు. ఎక్కడైనా రక్తం గడ్డకట్టి ఉంటే ఆ భాగానికి విడిగా ఎక్కించాలి. పొట్ట, ఛాతీలోని ద్రవాలను ట్రోకార్ అనే పొడవాటి గొట్టంతో లాగేసి, అక్కడ ఘాటైన ద్రావణం నింపుతారు. మనిషి బరువు, చనిపోయి ఎన్ని గంటలైంది, ఏ జబ్బు, ఫ్రీజర్‌లో ఉంచారా లేదా అన్నదాన్ని బట్టి మోతాదు మారుతుంది. అంటే ఇది చేత్తో నేర్చుకునే పనే అయినా, వెనక కెమిస్ట్రీ, అనాటమీ రెండూ రావాలి.

పోస్టుమార్టం ముందా, ఎంబామింగ్ ముందా అన్న వరస చాలా ముఖ్యం. అనుమానాస్పద మరణమైతే పోస్టుమార్టం పూర్తయ్యాకే ఎంబామింగ్ చేయాలి. ద్రావణంలోనే మిథనాల్ ఉంటుంది కాబట్టి ఆ తర్వాత రక్తంలో ఆల్కహాల్ పరీక్షకి అర్థం ఉండదు. సైనైడ్ లాంటి విషాల ఆనవాళ్లు ఫార్మాల్డిహైడ్‌తో చెడిపోతాయి. గల్ఫ్ నుంచి వచ్చిన మృతదేహం మీద కుటుంబానికి అనుమానం వచ్చి ఇక్కడ మళ్లీ పోస్టుమార్టం అడిగితే, డాక్టర్లు గాయాల గురించి చెప్పగలరు గానీ విషం గురించి చెప్పడం కష్టం. కొడుకు ఎలా పోయాడో తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రులకు ఈ వరస గురించి ముందే చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. నా దృష్టిలో ఈ రంగంలో సర్టిఫికెట్ కన్నా పెద్ద బాధ్యత అదే.

ఇక మన దగ్గర పరిస్థితి. అమెరికాలోలా ఎంబామర్‌కి ప్రత్యేక లైసెన్సు ఇచ్చే వ్యవస్థ మన దేశంలో లేదు. ఈ పని ప్రధానంగా మెడికల్ కాలేజీల అనాటమీ విభాగాల్లో జరుగుతుంది. ఎంబీబీఎస్ విద్యార్థుల డిసెక్షన్ కోసం దానంగా వచ్చిన దేహాలను భద్రపరిచేది వాళ్లే. బయటికి పంపే మృతదేహాలకూ చాలా చోట్ల అక్కడే చేసి, డాక్టర్ సంతకంతో సర్టిఫికెట్ ఇస్తారు. సంతకం డాక్టర్‌ది, చేతులు మాత్రం చాలాసార్లు టెక్నీషియన్‌వో అటెండర్‌వో. మార్చురీ పనిలో ఎవరు ఉంటారో, ఏ కులాల వాళ్లని ఆ పనికి తోసేశామో మనకి తెలియంది కాదు. నైపుణ్యం ఉన్నా పేరు లేదు, హోదా లేదు, చాలామందికి పర్మినెంటు జీతమూ లేదు. ‘డిగ్నిటీ ఆఫ్ లేబర్’ మీద గ్రూప్ డిస్కషన్లు చేసే మనం ఈ ఉద్యోగం పేరెత్తితే ఇంట్లో ఎలా చూస్తారో ఊహించుకోండి!

ప్రైవేటులో ఫ్రీజర్ బాక్సు, అంబులెన్సు, ఎంబామింగ్, కార్గో కాగితాలు అన్నీ కలిపి చేసే సంస్థలు నగరాల్లో ఉన్నాయి. అయితే మార్కెట్ చిన్నది. మన ఇళ్లలో ఎక్కువగా ఆ రోజో మర్నాడో దహనమో ఖననమో అయిపోతుంది కాబట్టి ఎంబామింగ్ అవసరమొచ్చేది ప్రధానంగా దూర ప్రయాణానికే. ఇంకో ఇబ్బంది, ధర. దుఃఖంలో ఉన్న కుటుంబం బేరం ఆడదు, ఎంత చెబితే అంత ఇచ్చేస్తుంది. అమెరికాలో 1984 నుంచి అమల్లో ఉన్న ఫ్యునరల్ రూల్ ప్రకారం ప్రతి సేవకీ విడివిడిగా ధరల పట్టిక చేతికివ్వాలి, చట్టం అడగని చోట ఎంబామింగ్ తప్పనిసరి అని చెప్పకూడదు. అలాంటి నిబంధన ఇక్కడా వస్తే కుటుంబాలకీ మేలు, పద్ధతిగా పనిచేసే కుర్రాళ్లకీ మేలు.

అమెరికాలో మార్చురీ సైన్స్ ఒక డిగ్రీ. గుర్తింపు ఉన్న కాలేజీలో అసోసియేట్ లేదా బ్యాచిలర్స్ చేసి, నేషనల్ బోర్డు పరీక్ష రాసి, రాష్ట్రాన్ని బట్టి ఏడాదో అంతకంటే ఎక్కువో అప్రెంటిస్‌గా పనిచేస్తే లైసెన్సు వస్తుంది. బ్రిటన్‌లో చట్టపరంగా లైసెన్సు అక్కర్లేదు గానీ, బ్రిటిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎంబామర్స్ అర్హతకి విలువ ఉంది. ఎవరైనా కన్సల్టెంట్ ‘పోటీ లేని కోర్సు’ అని ఊరిస్తే, చేరకముందే ఆ కోర్సు స్టెమ్ ఓపీటీ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. అప్పు చేసి వెళ్లాక తెలుసుకునే విషయం కాదది.

ఇక్కడే ఉండాలనుకుంటే నాకు తోచిన దారి ఇది: ఎమ్మెస్సీ మెడికల్ అనాటమీ, లేదా ఫోరెన్సిక్ సైన్స్, లేదా ఎంఎల్‌టీ చేసి, మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో పని నేర్చుకోవడం. ఎంబామింగ్ ఒక్కదాన్నే నమ్ముకుని కెరీర్ కట్టుకోమని నేను చెప్పను. మ్యూజియం స్పెసిమెన్ల తయారీ, దేహదాన కార్యక్రమాల నిర్వహణ, ల్యాబ్ పని కూడా చేతిలో ఉంటే నిలబడగలరు. గుర్తింపు ఎవరిచ్చారో చెప్పలేని స్వల్పకాలిక కోర్సులకి డబ్బు కట్టొద్దు.

భద్రత విషయం ఇంటర్వ్యూలోనే అడగండి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. అమెరికా కార్మిక భద్రతా నిబంధన ఎనిమిది గంటల సగటున గాలిలో 0.75 పీపీఎంకి మించి ఉండకూడదంటుంది. గదిలోకి వెళ్లగానే కళ్లు మండుతున్నాయంటే అక్కడ వెంటిలేషన్ సరిగా లేనట్టే. ఆ ఆవిరి గాలికన్నా కాస్త బరువు, అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాను టేబుల్ ఎత్తుకి కిందగా ఉండాలి. చాలా గదుల్లో పైకప్పు దగ్గర పెట్టి వదిలేస్తారు, అప్పుడు ఆవిరి పనిచేసేవాడి ముఖం మీదుగానే పైకి పోతుంది. గ్లవ్స్, గాగుల్స్, సరైన క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు సంస్థే ఇవ్వాలి. మామూలు సర్జికల్ మాస్కు ఈ ఆవిరిని ఆపదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది కాబట్టి కోర్సులో చేరిన వారమే మొదటి డోసు వేయించుకోండి.